1962 నివేదికను దేశం ముందు పెట్టండి: రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

1962లో చైనా చేతిలో మన సైన్యం ఎందుకు దెబ్బతిన్నదో తేల్చమని ఆనాటి సైన్యాధిపతి జనరల్ జె.ఎన్. చౌధురి ఇద్దరు అధికారులకు బాధ్యత అప్పగించారు. ఒకరు లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, ఇంకొకరు విక్టోరియా క్రాస్ అందుకున్న బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్. 1963లో వాళ్లిచ్చిన నివేదిక అరవయ్యేళ్లు దాటినా అత్యంత రహస్యం అనే ముద్ర వదలకుండా మీ శాఖ అధీనంలోనే ఉంది. దాన్ని అనుబంధాలతో సహా విడుదల చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఓటమికి ఎవరిని నిందించాలో తేల్చుకోవాలని కాదు. ఆ పంచాయితీ దేశంలో ఎప్పుడూ నడుస్తూనే ఉంది, నివేదిక బయటికి వచ్చినా రాకపోయినా నడుస్తుంది. నా పట్టుదలకు కారణం వేరు. మనకంటే బలమైన పొరుగు దేశం మీద సైనిక చర్యకు పథకం వేస్తున్నప్పుడు, 'ఇది మనవల్ల అయ్యే పని కాదు' అని చెప్పిన అధికారి మాట ఏ గదిలో, ఏ కాగితం మీద, ఎవరి సంతకం దగ్గర ఆగిపోతుందో ఇంత దగ్గరగా చూపించే పత్రం మన దేశంలో మరొకటి ఉందని నేను అనుకోను. అలాంటి పత్రాన్ని దాచడం వల్ల శత్రువుకు కలిగే నష్టం లేదు. నష్టమంతా మనకే.

ఇన్నేళ్లలో ప్రభుత్వాలు చెప్పిన సమాధానాలు మీకు తెలిసినవే. 1963 సెప్టెంబరులో యశ్వంతరావు చవాన్ పార్లమెంటులో ఒక ప్రకటన చేశారు. శిక్షణ, ఆయుధ సామగ్రి, కమాండ్ వ్యవస్థ, సైనికుల శారీరక దారుఢ్యం, కమాండర్ల సమర్థత అనే అంశాలను దర్యాప్తు పరిశీలించిందని చెప్పి, నివేదికను మాత్రం సభ ముందు పెట్టలేదు. కుల్‌దీప్ నయ్యర్ సమాచార హక్కు చట్టం కింద అడిగితే 2009లో కేంద్ర సమాచార కమిషన్ కాదంది. 2010లో ఎ.కె. ఆంటోనీ గారు అందులోని విషయాలకు సైనికపరంగా నేటికీ విలువ ఉందన్నారు. 2014 మార్చిలో ప్రతిపక్షంలో ఉండి నివేదిక విడుదల కావాలని వాదించిన అరుణ్ జైట్లీ గారు, అదే ఏడాది జులైలో రక్షణ మంత్రిగా అది దేశ ప్రయోజనాలకు మంచిది కాదని రాజ్యసభకు తెలిపారు. అంటే ఇది ఒక పార్టీ తప్పు కాదు. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ ఫైలు తన కింద భద్రంగా ఉండాలనే అనుకున్నారు. ఈలోగా 2014లోనే ఆస్ట్రేలియా జర్నలిస్టు నెవిల్ మాక్స్‌వెల్ తన దగ్గరున్న భాగాన్ని, వంద పేజీలకు పైగా, ఇంటర్నెట్‌లో పెట్టేశారు. నేను కింద చెప్పేవాటిలో కొన్ని అందులోంచి వచ్చినవే. ప్రభుత్వం మాత్రం ఆ పేజీలు తనవేనని ఒప్పుకోలేదు, మిగతావి ఇవ్వనూ లేదు.

ఆ పేజీల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఏ యుద్ధ ఘట్టమూ కాదు. రెండు కాగితాల మధ్య ఉన్న తేడా. 1961 నవంబరు 2న ప్రధాని నెహ్రూ దగ్గర ఒక సమావేశం జరిగింది. రక్షణ మంత్రి కృష్ణ మీనన్, సైన్యాధిపతి జనరల్ థాపర్, ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి బి.ఎన్. మల్లిక్ వంటివాళ్లు అందులో ఉన్నారు. లద్దాఖ్‌లోనూ, ఇప్పటి అరుణాచల్ అయిన ఆనాటి నేఫాలోనూ వీలైనంత ముందుకు వెళ్లి పోస్టులు పెట్టాలని తేల్చారు. ఇదే తర్వాత ఫార్వర్డ్ పాలసీగా పేరుపడింది. అయితే ఆ నిర్ణయంలో ఒక షరతు ఉంది. ముందుకు వెళ్లే పోస్టుల వెనక, అవసరమైతే వెంటనే ఆదుకోగలిగేంత దూరంలో, ప్రధాన బలగాలను నిలపాలి. డిసెంబరు 5న సైనిక ప్రధాన కార్యాలయం కింది కమాండ్లకు ఉత్తర్వులు పంపింది. పోస్టులు పెట్టమనే మాట అందులో ఉంది. వెనక బలగాలు నిలపమన్న షరతు లేదు. ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు? అంత బలగం లేదని తెలిసి తీసేశారా? లేదని పైకి చెబితే పథకమే ఆగిపోతుందని భయపడ్డారా? ఒక దేశపు యుద్ధ ప్రణాళికలో అతి ముఖ్యమైన వాక్యం రాయడానికీ, టైపు కొట్టడానికీ మధ్య మాయమైపోయింది. చైనా ఏమీ చేయదన్న అంచనా ఒక్కటే ఆ ఖాళీని నింపింది. ఆ అంచనా తప్పితే ఏం చేయాలన్న రెండో పథకం ఎక్కడా లేదు.

అభ్యంతరం చెప్పేవాళ్లే లేకపోయారని ఎవరైనా అనుకుంటే అది ఆనాటి అధికారులకు అన్యాయం. ఈస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ థోరట్ 1959 అక్టోబరులోనే ఒక పత్రం రాశారు. మెక్‌మహాన్ రేఖ మీద కాపలా చూసే చిన్న పోస్టులు ఉంచి, అసలు రక్షణ రేఖను మన రోడ్లు చేరుకోగలిగే చోట, వెనక పెట్టుకోవాలన్నది ఆయన సూచన. కొండలు దాటి, సామాన్లు మోసుకుంటూ, అలసి వచ్చే శత్రువుతో మనకు అనుకూలమైన చోట తలపడదామన్నది అందులోని తర్కం. 1960 మార్చిలో లక్నోలో 'లాల్ ఖిలా' పేరుతో యుద్ధాభ్యాసం పెట్టి, చేతిలో ఉన్న బలగంతో నేఫాను ఎందుకు నిలబెట్టుకోలేమో పై అధికారులకు చూపించారు కూడా. మీనన్ దాన్ని అనవసరపు భయంగా కొట్టిపారేశారనీ, పత్రం ప్రధాని దాకా వెళ్లనే లేదనీ థోరట్ తన ఆత్మకథలో రాసుకున్నారు. పశ్చిమాన వెస్ట్రన్ కమాండ్ అధిపతి దౌలత్ సింగ్ 1962 ఆగస్టులో సైనిక ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాశారు. ఉన్నదాన్ని కాపాడుకునే స్థితిలోనే మనం లేమని, బలప్రదర్శనకు దిగే మాట పక్కనపెట్టండని స్పష్టంగా చెప్పారు. గాల్వాన్ లోయలో పోస్టు పెట్టడం మీద కూడా ఆ కమాండ్‌కు అభ్యంతరం ఉంది. అయినా పోస్టు పెట్టించారు. 1962 జులైలో చైనా సైనికులు దాన్ని చుట్టుముట్టారు, అక్టోబరు 20న తుడిచిపెట్టారు. ఆ లోయ పేరు తెలుగువాళ్లకు వేరేగా గుర్తు చేయనక్కర్లేదు. 2020 జూన్ 15 రాత్రి అక్కడే సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు, ఆయనతో పాటు మరో 19 మంది ప్రాణాలిచ్చారు. ఆ నేల మీద మొదటిసారి ఏం ఆలోచించి ఏం చేశామో తెలిపే ఫైలును రెండో తరం కూడా చూడలేకపోవడం ఏ రకమైన భద్రతో నాకు అర్థం కాలేదు.

1962 సెప్టెంబరు సంగతి ఇంకా బాధాకరం. నేఫాలో థగ్‌లా కొండ కింద నమ్‌కా చు వాగు ఒడ్డున మనవాళ్లు పెట్టిన ధోలా పోస్టును చైనా దళాలు ముట్టడించాయి. వాళ్లను తరిమేయాలని ఢిల్లీలో సమావేశాల మీద సమావేశాలు జరిగాయి. రహస్యం కాబట్టి ఈ సమావేశాలకు మినిట్స్ రాయవద్దని రక్షణ మంత్రి ఆదేశించారు. ఈ పద్ధతిని దర్యాప్తు అధికారులు గట్టిగా తప్పుపట్టారు, చివరికి ఏ పెద్ద నిర్ణయానికీ ఎవరూ బాధ్యులు కాకుండా పోయారన్నారు. మంత్రిగారూ, మొత్తం నివేదికలో ఒక్క పరిశీలనే దేశం నేర్చుకోవాలంటే అది ఇదే కావాలి. సెప్టెంబరు 22న అలాంటి ఒక సమావేశం జరిగినప్పుడు ప్రధాని విదేశాల్లో ఉన్నారు. చైనా లద్దాఖ్‌లో ప్రతీకారానికి దిగవచ్చని జనరల్ థాపర్ అనుమానం వెలిబుచ్చారు. ఒకటి రెండు పోస్టులు పోవచ్చు, అంతకు మించి ఏమీ జరగదని విదేశాంగ కార్యదర్శి చెప్పారు. అప్పుడు సైన్యాధిపతి చైనా దళాలను తరిమేయాలన్న ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడిగారు. ఒక జాయింట్ సెక్రటరీ సంతకంతో ఆయనకు కాగితం ఇచ్చారు. ఒక దేశం తన సైన్యాన్ని మరో దేశపు సైన్యం మీదికి వెళ్లమని చెప్పడానికి ఆ ఒక్క సంతకం సరిపోయింది. సైన్యాధిపతి కాగితం అడిగారంటేనే ఆయన మనసులో ఏముందో ఊహించవచ్చు. కానీ 'ఈ పని నా సైన్యం చేయలేదు' అన్న కాగితం ఆయన తిరిగి ఇవ్వలేదు. ఆ మాట అంటూ వచ్చిన కోర్ కమాండర్ ఉమ్రావ్ సింగ్ చేతుల్లోంచి నేఫా బాధ్యతను తప్పించి, అక్టోబరు మొదట్లో కొత్తగా నాలుగో కోర్ పెట్టి జనరల్ కౌల్‌కు అప్పగించారు. నమ్‌కా చు ఒడ్డున బ్రిగేడియర్ జాన్ దల్వీ సైనికులు చలికి ఆగని పల్చటి దుస్తుల్లో, తలా 50 తూటాలతో, పైన కొండ మీదినుంచి చూస్తున్న శత్రువు కళ్లెదుటే నిలబడ్డారు. అక్టోబరు 20న దాడి మొదలైన గంటల్లోనే ఆ బ్రిగేడ్ ఛిన్నాభిన్నమైంది. దల్వీ చైనా చేతికి చిక్కారు.

దీని పక్కన మరో దేశపు ఫైలు పెట్టి చూడండి. ఐరోపాలో హిట్లర్ సైన్యం లొంగిపోయి రెండు వారాలు అయ్యేసరికే, బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన యుద్ధ ప్రణాళికా సిబ్బందిచేత ఒక రహస్య పథకం తయారు చేయించారు. పోలండ్ విషయంలో తాము కోరినదానికి సోవియట్ యూనియన్‌ను ఒప్పించడానికి, 1945 జులై 1న దాని మీద యుద్ధం మొదలుపెడితే ఏమవుతుందన్నది ప్రశ్న. పథకం పేరు 'ఆపరేషన్ అన్‌థింకబుల్'. మే 22 తేదీతో వచ్చిన ఆ పత్రంలో అంచనాలు నిర్మొహమాటంగా ఉన్నాయి. బ్రిటన్, అమెరికా కలిసి దాడికి దించగలిగేవి 47 డివిజన్లు. ఎదుట నిలిచే రష్యా బలగం దాదాపు 170 డివిజన్లకు సమానం. త్వరగా, పరిమితంగా ముగిసే విజయం తమ చేతిలో లేదని, దీర్ఘకాలం సాగే సర్వ యుద్ధంలో చిక్కుకుంటామని జూన్ 8న ముగ్గురు సేనాధిపతులు ప్రధానికి రాతపూర్వకంగా తెలియజేశారు. చర్చిల్ రెండు రోజుల్లోనే ప్రశ్న మార్చుకున్నారు. అమెరికా సైన్యం వెనక్కి వెళ్లిపోతే మన ద్వీపాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పండని అడిగారు. ఆ ప్రధాని మొండితనం చిన్నదేమీ కాదు, ఆయన మీద గౌరవంతో ఈ మాట చెప్పడం లేదు. మన దేశాన్ని ఆయన ఎలా చూశాడో మనకు తెలుసు. అయినా అక్కడ ఒక పద్ధతి పనిచేసింది. ఊహకు అంకెలు జోడించారు, అంకెల కింద కాదన్న మాట రాశారు, ఆ మాట చేరాల్సిన వాడికి చేరింది. అంతకంటే ముఖ్యం, 1998లో బ్రిటన్ ఆ ఫైలును జాతీయ ఆర్కైవ్స్‌లో అందరికీ తెరిచింది. నిన్నటి మిత్ర దేశం మీదే యుద్ధానికి పథకం వేశామన్న సంగతి కంటే ఇబ్బందికరమైనది ఒక ప్రభుత్వానికి ఏముంటుంది? దానివల్ల బ్రిటన్ భద్రతకు ఏ లోటూ రాలేదు. సైనిక ప్రణాళికలు ఎలా వేయాలో, ఎలా ఆపాలో చదువుకునేవాళ్లకు మాత్రం ఒక మంచి పాఠం దొరికింది.

ఇక అభ్యంతరాలకు వస్తాను. నివేదికకు సైనికంగా నేటికీ విలువ ఉందన్నది మొదటిది. కొండలు, కనుమలు మారవన్న మాట నిజమే. కానీ యుద్ధాన్ని నిర్ణయించేది కొండ ఒక్కటే కాదు, దాని దగ్గరికి వెళ్లే దారి. 1962లో రోజుల తరబడి నడిచి వెళ్లిన తవాంగ్ దారిలో 2024 మార్చిలో సేలా సొరంగం ప్రారంభమైంది. ఆనాటి త్రీనాట్‌త్రీ తుపాకులు, విమానాల్లోంచి జారవిడిచిన సరుకుల మీద బతికిన పోస్టులు, యుద్ధ రంగానికి రాకుండా ఉండిపోయిన యుద్ధ విమానాలు, ఏవీ ఇప్పటి లెక్కలోకి రావు. పైగా ఈ నివేదికలోని మన బలహీనతలు తెలియనివాడు ఎవరు? వాటిని ఉపయోగించుకుని గెలిచినవాడికి తెలుసు. ఇంటర్నెట్‌లో పేజీలు చదివినవాడికి తెలుసు. ఇక రెండోది, సరిహద్దు చర్చల్లో మన వాదన బలహీనపడుతుందన్న భయం. ధోలా పోస్టు దగ్గర రేఖ ఎక్కడ ఉందన్న దాని మీద రెండు దేశాల పటాలూ కలవలేదని, మన అధికారుల్లోనే కొందరికి అప్పట్లో సందేహాలున్నాయని ఇప్పటికే ఎన్నో పుస్తకాలు రాశాయి. సరిహద్దు మీద మన హక్కు ఒప్పందాల మీద, పరిపాలనా చరిత్ర మీద, అక్కడి ప్రజల మీద నిలబడి ఉంది. సైన్యాన్ని సరిగా నడిపామా లేదా అన్న సొంత దర్యాప్తు మీద కాదు.

సైన్యం మనోధైర్యం దెబ్బతింటుందన్న మాట కూడా వినిపిస్తుంది. దీనికి ఎక్కువ జవాబు అవసరం లేదు. రెజాంగ్‌లాలో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ ఎలా పోరాడిందో దేశానికి తెలుసు. సైనికుడు తప్పు చేయలేదని, పథకమే తప్పుగా ఉందని చెప్పే నివేదికను చూసి సైనికుడు ఎందుకు కుంగిపోతాడు?

ఆలోచించాల్సిన అభ్యంతరం ఇంకొకటి ఉంది. కొందరు మాజీ అధికారులు నిజాయతీగానే దాన్ని ముందుకు తెస్తారు. ఏదో ఒక రోజు బయటికి వస్తుందని తెలిస్తే ఏ అధికారీ మనసులో మాట రాయడని, ఫైలు నోటింగులు పొడిపొడిగా తయారవుతాయని, సలహాలన్నీ ఫోన్లలోకి, ముఖాముఖి మాటల్లోకి వెళ్లిపోతాయని వాళ్ల వాదన. రేపో, వచ్చే ఏడాదో తెరిచే ఫైలు విషయంలో ఈ మాట నిజం కావచ్చు. అందుకే పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు ఆగడం సబబు. కానీ 1962 అనుభవం చూస్తే రహస్యం నిజాయతీని కాపాడలేదు. రహస్యం పేరుతోనే మినిట్స్ ఆపేశారు. థోరట్ పత్రం కూడా మధ్యలోనే ఆగింది. రాతలో ఉంటే తన మీదికి వస్తుందని భయపడేవాడు నిర్ణయం తీసుకున్నవాడే కానీ, దాన్ని వద్దన్నవాడు కాదు. వద్దన్న అధికారికి కావాల్సింది తన మాట ఎక్కడో ఒకచోట నిలిచి ఉంటుందన్న భరోసా. దౌలత్ సింగ్ ఉత్తరం గురించి ఈరోజు మనం మాట్లాడుకోగలుగుతున్నామంటే అది కాగితం మీద ఉండబట్టే. తన పేరు తర్వాతి తరం చదువుతుందని తెలిసిన సైన్యాధిపతి, చేతగాని పథకం మీద సంతకం పెట్టే ముందు మరొక్కసారి ఆలోచిస్తాడని నేను నమ్ముతున్నాను.

రాజకీయ దుమారం రేగుతుందనేవాళ్లకు కూడా ఒక మాట. కొన్ని పేజీలు మాత్రమే బయట ఉన్న ఇప్పటి పరిస్థితే దుమారానికి అసలు సందు. నెహ్రూ, మీనన్లదే తప్పంతా అని ఒకరు, కౌల్, మల్లిక్ వంటివాళ్లు ప్రధానిని తప్పుదారి పట్టించారని ఇంకొకరు ఆ కొన్ని పేజీలనే చూపించి వాదించుకుంటున్నారు. నిజానికి ఆ దర్యాప్తుకు సైనిక ప్రధాన కార్యాలయం, రక్షణ శాఖ పనితీరును లోతుగా తవ్వే అధికారమే ఇవ్వలేదు. ఆ పరిమితి ఏమిటో, ఏ కాగితాలు దర్యాప్తు అధికారుల చేతికి రాలేదో మొత్తం నివేదిక ముందుంటేనే పాఠకుడికి తెలుస్తుంది. అది తెలియని చోట ప్రతి వాక్యమూ తీర్పులా కనిపిస్తుంది. కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ నివేదికను 2000 ఫిబ్రవరిలో, కొన్ని భాగాలు తొలగించి, పార్లమెంటు ముందు పెట్టారు. ఆ పని చేసింది వాజ్‌పేయి గారి ప్రభుత్వం. యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు, అధికారంలో ఉన్నది అదే ప్రభుత్వం, విమర్శ వచ్చేది తన మీదికే. అయినా పెట్టింది. త్రివిధ దళాల అధిపతి పదవి దాకా వచ్చిన సంస్కరణల చర్చకు అక్కడే పునాది పడింది.

ఆలస్యం చేస్తే కాగితాలు ఎదురు చూడవు. 1971 యుద్ధానికి సంబంధించిన ఈస్టర్న్ కమాండ్ రికార్డులు చాలావరకు ధ్వంసమైపోయాయని, విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీకి సంబంధించిన పత్రాలు కూడా దొరకడం లేదని 2010లో జాతీయ పత్రికలు రాశాయి. మనం గెలిచిన యుద్ధం అది. ఘాజీని ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం అంటుంది, దాని సొంత మైన్లే పేలాయని పాకిస్తాన్ అంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో విజయ స్మారకం ముందు నిలబడే యువకులకు ఆ రాత్రి గురించి తెలిసింది ఎక్కువగా సినిమా ద్వారానే. ఆ ఏడాది ఏప్రిల్‌లో యుద్ధానికి వెళ్లలేమని, కనుమలు మంచుతో మూసుకుపోయేదాకా ఆగాలని జనరల్ మానెక్‌షా ప్రధానికి చెప్పారన్న కథ మనందరికీ ఇష్టం. అది ప్రధానంగా ఆయన ప్రసంగాల ద్వారా మనకు చేరింది. గెలుపు వెనక ఉన్న 'ఇప్పుడు కాదు' అన్న మాటను కూడా దస్తావేజులతో నిరూపించుకోలేని స్థితికి రాకూడదు మనం.

మీరు కొత్త చట్టమేదీ తేనక్కర్లేదు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది. యుద్ధాల, సైనిక చర్యల చరిత్రలు ఐదేళ్లలో తయారు కావాలని, రికార్డులు సాధారణంగా పాతికేళ్లకు బహిర్గతం కావాలని 2021 జూన్‌లో మీరే ఆమోదించిన విధానం ఉంది. నేను కోరుతున్నవి మూడే. హెండర్సన్ బ్రూక్స్, భగత్‌ల నివేదిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. దానికి జతచేసిన ఉత్తర ప్రత్యుత్తరాలు, వివరణలు. దాన్ని పైకి పంపుతూ జనరల్ చౌధురి రాసిన వ్యాఖ్య. గూఢచారి సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉంటే నల్లగీత కొట్టండి, ఎవరూ కాదనరు. విడుదల చేశాక వాటిని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో చదివే యువ అధికారులకు పాఠంగా పెట్టించండి. తూర్పు లద్దాఖ్‌లో 2020 నుంచి తీసుకున్న నిర్ణయాల చరిత్రను ఆ తరమే రాయాలి. ఏ సమావేశంలో ఎవరు ఏమన్నారో, ఎవరు వద్దన్నారో ఇప్పుడే దస్త్రాల్లో ఉండేలా చూడమని మీ కార్యదర్శికి ఒక ఆదేశం ఇవ్వండి.

భవదీయుడు